తలుపు మూల కుట్టు

కుక్కర్ కూత ఆగాక ఆమె తలుపు మూసుకుని, చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుంది. పైన ఇస్త్రీ బట్టలు, బల్ల చాటున మోకాళ్ల దగ్గర సాగిపోయిన పైజామా. "నీలో సగమే ఉద్యోగానికెళ్తుంది," అని భర్త వేళాకోళం.

సామాన్ల గదిలో సగం ఖాళీ చేసి అక్కడే పని పెట్టుకుంది. దిగులుతోనో, అయినవాళ్లు పోయిన దుఃఖంతోనో, ఇంటి గొడవలతోనో నలిగిపోయినవాళ్లు కంప్యూటర్ తెరలోకి వచ్చి కూర్చుంటారు. ఆన్‌లైన్ కౌన్సెలింగ్ అంటే సలహాలు చెప్పడమని చుట్టాల అభిప్రాయం. నిజానికి అందులో సగం పని ఊరుకోవడమే. మనిషి ఒక మాట అని ఆగాడంటే అసలు మాట వెనకాల ఉందన్నమాట. తొందరపడి అందుకుంటే అది మళ్లీ లోపలికి పోతుంది. నోట్లో నువ్వుగింజ నానదని అమ్మ చిన్నప్పుడు తిట్టేది ఆమెనే. ఊరుకోవడం నేర్చుకునేసరికి తల సగం నెరిసింది.

ఆ ఉదయం ఒక లారీ డ్రైవరు, రోడ్డు పక్కన బండి ఆపుకుని, స్టీరింగ్ ముందు కూర్చునే మాట్లాడాడు. భార్య పోయింది. "బాగానే ఉన్నానండి," అన్నాడు. ఆమె కదలకుండా అతన్నే చూస్తూ ఆగింది. అతను గడ్డం గోక్కున్నాడు, అద్దంలోంచి బయటికి చూశాడు.

"దాని దిండు గలీబు ఇంకా ఉతకలేదండి. వాసన పోతుందని," అన్నాడు. అప్పుడు ఏడ్చాడు.

ఆమె మాటలు బయటికి పోకుండా ఆ గది తలుపుకి లోపలివైపు మందంగా స్పాంజి, దానిమీద బూడిదరంగు గుడ్డ ఉన్నాయి. అది అన్నయ్య పని. సోఫాలూ పరుపులూ కుట్టడం అతని వృత్తి. ఆమె ఈ ఉద్యోగంలో చేరగానే, "గోడలకి చెవులుంటాయంటారు. తలుపు చెవులు నేను మూసేస్తాలే," అంటూ సంచీ తగిలించుకుని వచ్చాడు. పొద్దుగూకేసరికి ఒక్క కింది మూల మిగిలింది. "రేపొచ్చి కుట్టేస్తా," అని వంకర సూదిని దారంతో సహా అక్కడే గుచ్చి వెళ్లాడు. మర్నాడు అమ్మ ఆస్పత్రిలో చేరింది.

ఇంటికి పోతానని అమ్మ మారాం చేసింది. అన్నయ్య తీసుకెళ్లిపోయాడు. అమ్మ తన మంచంమీద, తన కిటికీ పక్కనే పోయింది. పలకరింపుకొచ్చినవాళ్లందరి ముందూ ఆమె, "అమ్మని నువ్వే చంపావు," అంది. కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేం. అన్నయ్య మళ్లీ ఆమె గుమ్మం తొక్కలేదు. అన్నది తప్పని ఆమెకి ఎప్పుడో తెలుసు. ఇలాంటివాటికి క్షమాపణ ఎలా అడగాలో ఎందరికో నేర్పింది కూడా. తన వంతు వచ్చేసరికి ఫోన్ మీదికి చెయ్యి పోలేదు.

మధ్యాహ్నం అతనే ఫోన్ చేశాడు.

"ఏమ్మా, ఆ తలుపు మూల అలాగే ఉందా?"

"అలాగే ఉంది అన్నయ్యా."

"సూది?"

"దానికే గుచ్చి ఉంది."

నవ్వాడు. నవ్వు దగ్గులోకి దిగింది. వెనకాల కుట్టుమిషన్ చప్పుడు లేదు. ఊపిరి మాత్రం బరువుగా వినిపిస్తోంది.

"అమ్మని ఇంటికి తీసుకురాకుండా ఉండాల్సిందంటావా?"

లేదన్న మాట ఆమె నాలుక చివరే ఉంది. కానీ అతని గొంతు సగంలో ఆగినట్టు తోచింది. ఇంకా ఏదో ఉంది, చెప్పనీ అనుకుంది. రోజూలాగే వీపు నిటారుగా పెట్టి, ఎదుట ఆరిపోయిన తెర వైపు చూస్తూ ఆగింది. తన ముఖం అన్నయ్యకి కనిపించదన్న సంగతి ఆమెకి తట్టలేదు.

"సరేలేమ్మా. పనిలో ఉన్నట్టున్నావు," అని అతను పెట్టేశాడు.

తిరిగి చేసేలోపు తెరమీద ఒక అత్తాకోడళ్ల తగవు ప్రత్యక్షమైంది. ఆ వెనకే నిద్రపట్టని బ్యాంకు మేనేజరు. ఫోన్ సొరుగులో పడేసింది. ఇలాంటిది ఫోన్లో కాదు, సాయంత్రం వెళ్లి ఎదురుగా కూర్చుని చెప్పాలి అనుకుంది. అనుకున్నాక మనసు తేలికపడి, మేనేజరుతో రెండుసార్లు నవ్వింది కూడా.

పని అయ్యాక సొరుగు తెరిస్తే వదిన పిలుపులు వరసగా ఉన్నాయి.

"మీ అన్నయ్య టీ తాగి కుర్చీలో అలా ఒరిగారమ్మా. లేపితే లేవలేదు," అంది వదిన. ఏడ్చి ఏడ్చి గొంతు పొడారిపోయింది. "మధ్యాహ్నం నీతో మాట్లాడారటగా?"

"ఏమన్నాడు వదినా?"

"దానికి నామీద కోపం ఇంకా పోలేదే అన్నారు. అంతే. మళ్లీ ఆ ఊసెత్తలేదు."

"లేదు," అంది ఆమె. "లేదు వదినా. లేదు, లేదు." అరిచింది. అవతలి గదిలో భర్త టీవీ చూస్తున్నాడు. అతనికేమీ వినిపించలేదు. అన్నయ్య పనితనం అలాంటిది.

ఆమె తలుపు దగ్గరికి వచ్చి నేలమీద కూలబడింది. కింది మూల గుడ్డ కాస్త వేలాడుతోంది. వంకర సూది అక్కడే ఉంది, కొద్దిగా తుప్పు పట్టి, ఇంకా దారంతోనే.