కాయ లేని ఏడు

ఈ ఏడు లంకలో తుమ్మలు కాయలేదు. చెట్లు పూతమీద ఉండగా కార్తీకంలో తుఫాను పట్టింది. పచ్చని పూలన్నీ రాలి బురదలో కలిసిపోయాయి. ఫాల్గుణం నాటికి గలగలలాడుతూ వేలాడవలసిన కాయలు ఏ కొమ్మకూ లేవు.

ఇలాంటివి మా ఇంట్లో ముందుగా గమనించేది విశాలాక్షి. ఆమె నా భార్య. మా బడిలో రెండో టీచరు కూడా. భాద్రపదంలో పోయింది. ఆ పోస్టు ఇంకా ఖాళీగానే ఉంది.

మా బడి గోదావరి మధ్య లంకలో ఉంది. కపిలేశ్వరపురం రేవులో పడవెక్కి దాటాలి. వేసవిలో ఒంటిపూట బడులు కనక పిల్లలు మధ్యాహ్నం అన్నాలు తిని ఇళ్ళకు పోతారు. మేము మాత్రం సాయంత్రం పాల పడవ వచ్చేదాకా వరండాలో బల్లమీద కూర్చునేవాళ్ళం.

బడి ఆవరణలో రెండు తుమ్మలున్నాయి. కాయతోపాటు ముల్లూ రాలుతుంది. పిల్లల కాళ్ళలో గుచ్చుకుంటుందని ఆమె రోజూ ఊడ్చేది. ముళ్ళు ఏరి పారేసి, కాయలు గోనెలోకి ఎత్తి, బడి వెనక రెల్లు మొదలయ్యే చోట కుమ్మరించి వచ్చేది. ఎండ వాలాక అక్కడికి జింకలు వచ్చేవి. ఒక్కోరోజు రెండు, ఒక్కోరోజు అసలేమీ లేవు. లంక అంతటా కాయ ఉండగా ఆమె గోనెడు కాయల కోసం అవి పనిగట్టుకుని రావలసిన అవసరం లేదు. వచ్చిన రోజున ఆమె మాట్లాడేది కాదు, నన్ను మాట్లాడనిచ్చేదీ కాదు.

వాటిలో నల్లటి మగది ఒకటి, ఒక కొమ్ము కాస్త పక్కకు తిరిగింది. అన్నిటికంటే వెనక వచ్చి, ఆగి, అటూ ఇటూ చూసి, అప్పుడు తల వంచేది. "హెడ్మాస్టారు తనిఖీకి వచ్చేరు" అనేది విశాలాక్షి. బడికి హెడ్మాస్టర్ని నేనే.

ఆ జింకల కోసమే తుమ్మకాయ రోజుల్లో ఇంటి గంట కొట్టనిచ్చేది కాదు. మా గంట రైలుపట్టా ముక్క. కొడితే అవతలి గట్టుకు వినిపిస్తుంది. అందుకని పిల్లలు ఆ నెలలు గంట లేకుండా, వేలు పెదాలమీద పెట్టుకుని ఇళ్ళకు పోయేవారు. వాళ్ళకదొక ఆట.

ఈ ఏడు ఊడ్వడానికి ఏమీ లేదు. మొదటి వారం ఊరికే కూర్చున్నాను. జింకలు రాలేదు. బల్ల రెండో కొస ఖాళీగా ఉంది. రెల్లు వైపే చూస్తూ కూర్చుంటే పాల పడవ ఎంతకీ రాదు.

గట్టుమీద మేకలు పెంచే దానమ్మ దగ్గర పోయినేటి కాయ ఉందని తెలిసి వెళ్ళాను.

"మాస్టారండీ, మేకల్ని కొన్నారా ఏంటండి?" అంది.

"లేదమ్మా."

"మరి కాయలు మీరేం చేసుకుంటారండి? పులుసా?"

ఆమె నా మొహం చూసి నవ్వు ఆపేసింది. "టీచరమ్మగారు జింకలకి పోసేవోరు కదండి" అని తనే అని, అటకమీంచి రెండు గోనెలు దింపించింది.

రోజూ కొంచెం కొంచెం పోశాను. మూడో రోజుకు ఒకటి వచ్చింది. వారం తిరిగేసరికి మంద మొత్తం వచ్చేది. అన్ని జింకల్ని ఒక్కచోట మేమిద్దరం ఉన్నప్పుడు ఏనాడూ చూడలేదు. తిరిగిన కొమ్ము మగది వచ్చింది. పిల్లతల్లి ఒకటి వచ్చింది. దాని పిల్ల కాయ నమలడం రాక నోట్లోంచి జారవిడుచుకునేది. ఆ సాయంత్రాలు పడవ కేక వినిపించి ఉలిక్కిపడి లేచేవాణ్ణి. ఇవి ఆమె పోసిన చోటును మరిచిపోలేదనుకున్నాను. అలా అనుకోవడం బాగుండేది.

తరవాత రెండు సాయంత్రాలు మగది కనబడలేదు.

మూడో రోజు పొద్దున్న పడవలో గంగబాబు నా పక్కన కూర్చున్నాడు. లంకలో దోస, మొక్కజొన్న వేస్తాడు. ఆయన కూతురు శరణ్య మా బడిలోనే అయిదో తరగతి. మర్యాదస్తుడు. నన్ను చూసి ఎప్పుడూ చెప్పులు విడిచి నమస్కారం పెడతాడు.

"మాస్టారూ, మీ పుణ్యమా అని ఈ ఏడు నా దోసపాదులు బతికేయండి" అన్నాడు. "కాయ లేని ఏడు కదా, మా చేలమీద పడతాయనుకున్నాను. అన్నీ మీ బడెనకాలే ఉంటన్నాయి."

"మంచిదేగా."

"ఆయ్, మంచిదేనండి. నాకూ మంచిదే, ఏటగాళ్ళకీ మంచిదే."

పడవ నడిపే త్రిమూర్తులు గట్టిగా దగ్గాడు. గంగబాబు పట్టించుకోలేదు.

"కాయ విరగకాసిన ఏడు జింక దొరకదండి. ఈ చెట్టు కింద ఒకటి, ఆ చెట్టు కింద ఒకటి. ఎక్కడని పెడతాం ఉచ్చు? అదే కాయ లేని ఏడైతే ఎక్కడో ఓ చోట నాలుగు కాయలు పోసి కూచుంటే చాలు, మందంతా అక్కడికే వస్తది. మా నాన్న బజార్లో కొనుక్కొచ్చి మరీ పోసేవోడు. ఈ ఏడు ఆ కర్చు మీరు పెట్టేరు."

"ఉచ్చులు నువ్వు పెట్టావా గంగబాబూ?"

"నేను పెట్టేననలేదండి. లోకం మాట చెప్తన్నాను." తనే నవ్వాడు. "మీరు తినరు గానండి, తింటే న్యాయంగా సగం వాటా మీదే."

"నల్లదేనా?" అన్నాను.

ఆయన నవ్వు తగ్గింది. "కొమ్ము కొంచెం వంకరండి" అన్నాడు.

రేవు వచ్చింది. ఆయన నాకు చెయ్యి అందించాడు. ఆ చెయ్యి పట్టుకునే దిగాను.

దిగాక గుర్తొచ్చింది. చాలా ఏళ్ళ కిందట ఒకసారి ఇలాగే కాయ లేకపోతే, కొని తెద్దామా అని విశాలాక్షిని అడిగాను. "వద్దండి, లేని ఏడు లేదనే అనుకుంటాయిలెండి" అంది. నేను పొదుపనుకున్నాను.

బళ్ళోకి వెళ్ళగానే అటవీశాఖ వారికి ఫోను చేశాను. వివరాలు అడిగి రాసుకున్నారు. మర్నాడు పొద్దున్నే మనుషుల్ని పంపుతామన్నారు. కాని ఆ సాయంత్రం మిగిలి ఉంది. జింకలు ఆ సాయంత్రమూ వస్తాయి.

పిల్లలు వెళ్ళాక గోనె తీసుకుని రెల్లు దగ్గరికి వెళ్ళాను. మోటారు సైకిలు క్లచ్ వైరుతో చేసిన ఉచ్చులు, గడ్డిలో కలిసిపోయి ఉన్నాయి. మొదటిది నా చెప్పుకు తగిలింది గనక దొరికింది. కనిపించినవన్నీ పీకాను. కనిపించనివి ఎన్నో నాకు తెలియదు. నేలమీది కాయలన్నీ ఏరి గోనెలోకి ఎత్తాను. అక్కడ నేను తొక్కని చోట కూడా గడ్డి నలిగి ఉంది. ఒకచోట నేల చీరుకుపోయింది. అటు ఎక్కువసేపు చూడలేదు.

వచ్చి బల్లమీద కూర్చున్నాను. ఎండ వాలింది. అలవాటు ప్రకారం అవి వచ్చాయి. ముందు పిల్లతల్లి. వెనకే పిల్ల. మిగతావి రెల్లు అంచున ఆగాయి. కాయ లేదు. పిల్లతల్లి తలెత్తి వరండా వైపు చూసింది. నేను పోయకపోవడం ఏమిటన్నట్టు నాకనిపించింది, అంతే. అది మరో రెండడుగులు వేసి నేలను వాసన చూస్తోంది.

ఇంకాసేపు చూస్తూ ఉండాలని ఉంది. లేచి వెళ్ళి గంట కొట్టాను.

మొదటి దెబ్బకు అన్నీ బిగుసుకుపోయాయి. రెండో దెబ్బకు మంద ఎగిరింది. పిల్ల ఎటు పోవాలో తెలియక అక్కడే తిరిగింది. తల్లి వెనక్కి వచ్చింది. నేను ఆపలేదు. కొడుతూనే ఉన్నాను. రెండూ రెల్లులోకి దూకి కనబడకుండా పోయాక కూడా కొంతసేపు కొట్టాను. అవతలి గట్టుమీద ఎవరో నిలబడి చూశారు.

మర్నాడు అటవీశాఖ వారు వచ్చి, గడ్డి వెతికి, మిగిలిన ఉచ్చులు తీసుకెళ్ళారు. పడవలో విన్న మాట కూడా వాళ్ళకు చెప్పాను. అప్పటినుంచి గంగబాబు నాకు నమస్కారం పెట్టడం మానేశాడు. శరణ్యను బడి మాత్రం మాన్పించలేదు.

కాయలు దానమ్మకు తిరిగి ఇచ్చేశాను. ఆమె గోనె విప్పి మేకల ముందు పోసింది.

ఆరోజు బడి వదిలేటప్పుడు ఇంటి గంట కొట్టాను. వేళ్ళు పెదాలమీద పెట్టుకుని వరస కట్టిన పిల్లలు ఉలిక్కిపడ్డారు.

"టీచరు గారు కొట్టద్దనేవారు కదండీ?" అంది శరణ్య.

"అవునమ్మా."

"మరండీ?"

"ఈ ఏడు కొట్టాలి."

జింకలు కొన్నాళ్ళు రెల్లు అంచుదాకా వచ్చి, సాయంత్రం నేను మళ్ళీ కొట్టే గంట విని వెనుదిరిగేవి. తరవాత అంచుకూ రాలేదు. లంకలో ఎక్కడెక్కడ ఏం తింటున్నాయో నాకు తెలియదు. ఎవరికీ తెలియకూడదు.

పాల పడవ వచ్చేదాకా బల్లమీద కూర్చుంటున్నాను. రెల్లు ఖాళీగా ఊగుతుంది. ఎండ వాలే వేళకు లేచి, అటువైపు ఏమీ లేకపోయినా, గంట మరోసారి కొట్టి వచ్చి కూర్చుంటాను.