వెనకాల వచ్చే గొంతు

పెద్దమ్మ గొంతులో గడ్డ ఉందని తెలిసినప్పటి నుంచి ఇంట్లో అందరం మెల్లగా మాట్లాడటం మొదలుపెట్టాం, మా కేకలకి అది పెరుగుతుందేమో అన్నట్టు. ఆపరేషన్ తర్వాత మాట వస్తుంది, పాట సంగతి మాత్రం చెప్పలేమని డాక్టరు అన్నాడు. అంతవరకు గొంతుకి శ్రమ ఇవ్వొద్దని కూడా అన్నాడు.

పెద్దమ్మ చిన్నపిల్లల బడిలో పాటలు నేర్పుతుంది. వానలో గొడుగు మరిచిపోయిన చీమ మీద ఆమె సొంతంగా కట్టిన పాట ఒకటి ఉంది. బడిలో చేరిన ఏ పిల్లయినా మొదట నేర్చుకునేది అదే. నేనూ అక్కడే నేర్చుకున్నాను. ఆ పాట తన గొంతుతో రికార్డు చేసి ఉంచితే వచ్చే ఏడాది పిల్లలు విని నేర్చుకుంటారని ఆమె ఆశ. మమ్మల్ని ఎప్పుడూ ఏదీ అడిగిన మనిషి కాదు.

ఆపరేషన్ ఇంకో రెండు రోజులుందనగా అన్నయ్య గది సిద్ధం చేశాం. కిటికీకి దుప్పటి కట్టాం, ఫ్యాన్ ఆపేశాం. హార్మోనియం ముందే వాయించి కంప్యూటర్లో పెట్టాడు అన్నయ్య, అది వింటూ మైకులో పాడాలి. ఎవరినీ ముట్టుకోనివ్వని తన వైరులేని హెడ్‌ఫోన్ తుడిచి మరీ పెద్దమ్మ తలకి తగిలించాడు.

"మహారాణిలా ఉన్నావు పెద్దమ్మా."

"మహారాణులకి ఇంత చెమట పట్టదురా," అంది ఆవిడ.

మొదటి లైను బాగానే వచ్చింది. రెండో లైనుకి హార్మోనియం ముందుకు పోయింది, పెద్దమ్మ వెనకబడింది. మళ్లీ మొదలుపెట్టి, రికార్డు అవుతుండగా చివరిదాకా పాడినా అంతే. జీవితమంతా తాళం తప్పని మనిషి. గుమ్మంలో నిలబడ్డ అమ్మ, జబ్బు అంతదాకా వచ్చిందనుకుని మొహం అటు తిప్పుకుంది.

నేను పెద్దమ్మ చేతినే చూస్తున్నాను. ప్రతి లైను చివరా అరచెయ్యి కాస్త లేచి ఆగుతోంది. క్లాసులో వెనక వరస పిల్లలు పాట అందుకోలేనప్పుడు ముందు వరసని ఆపడానికి అలాగే చెయ్యి ఎత్తుతుంది. దగ్గరికెళ్లి, ఎందుకు ఆగుతున్నావని అడిగాను.

"వెనకాల ఎవరో పాట లాగుతున్నారే. చిన్నపిల్లలా ఉంది. వదిలేసి ఎలా పోను?"

అన్నయ్య హెడ్‌ఫోన్ తన చెవికి ఆనించుకుని ఒక లైను పాడించాడు. అది ఆమె గొంతే. మైకులోంచి కంప్యూటర్లోకి వెళ్లి, హెడ్‌ఫోన్లోకి ఆలస్యంగా తిరిగొస్తోంది.

అన్నయ్య తల పట్టుకున్నాడు. కంప్యూటర్ శబ్దాన్ని కొంత కొంత పోగుచేసి పంపుతుందట, ఆ పోగు పెద్దదైతే ఆలస్యం పెరుగుతుందట. దాన్ని బాగా చిన్నది చేశాడు. పాట నిండా చిటపటలు వచ్చాయి. కొంచెం పెంచాడు, తెరిచి ఉన్నవన్నీ మూసేశాడు, నెట్ ఆపేశాడు. ఏది మార్చినా "ఒక్కసారి పాడు పెద్దమ్మా" అనేవాడు. ఆవిడ పాడేది. డాక్టరు మాట మా ఎవరికీ గుర్తు రాలేదు, అమ్మకి కూడా. ఆలస్యం తగ్గింది కానీ పోలేదు.

చివరికి నాకు అనుమానం వచ్చింది. వైరు లేకుండా గాల్లోంచి రావడానికి హెడ్‌ఫోన్ కూడా కొంత టైము తీసుకుంటుందేమో. ఆ మాట పైకి అనడానికి మొహమాటపడి, నా పాత వైరు ఇయర్‌ఫోన్లు తెచ్చి అన్నయ్య చేతిలో పెట్టాను. వాడు వాటిని కంప్యూటర్‌కి గుచ్చాడు. పెద్దమ్మ ఒక లైను పాడింది. చెయ్యి లేవలేదు.

"ఆ పిల్ల వెళ్లిపోయింది," అని నవ్వింది.

అన్నయ్య వెంటనే మళ్లీ రికార్డింగ్ నొక్కాడు. రెండో లైను మధ్యలో పెద్దమ్మ గొంతు చీలింది. ఆ తర్వాత వట్టి గాలి వచ్చింది. వేడినీళ్లు తాగింది, పడుకుంది, మర్నాడు పొద్దున్న ప్రయత్నించింది. రాలేదు. ఆ పై రోజు ఆసుపత్రికి తీసుకెళ్లారు.

ఇంటికొచ్చాక మాట గుసగుసలా మిగిలింది. పాట మొత్తంగా ఉన్నది మొదట ఆగి ఆగి పాడిన రికార్డింగు ఒక్కటే. హార్మోనియం తీసేసి, ఆగిన చోట్లన్నీ కత్తిరించి వినిపించాడు అన్నయ్య. ఎవరో తరుముకొస్తుంటే పాడినట్టుంది. పెద్దమ్మ తల అడ్డంగా ఊపింది.

బడి తెరిచాక, కత్తిరించని పాటనే పట్టుకుని ముగ్గురం వెళ్లాం. పెద్దమ్మ పిల్లల ముందు కుర్చీలో కూర్చుంది. పాట మొదలైంది. మొదటి లైను అయ్యాక ఆగింది. రెండోది అయ్యాక ఇంకాస్త ఎక్కువ సేపు ఆగింది.

"టీచర్, మీరెందుకు ఆగిపోతున్నారు?" అని ముందు వరసలో పాప అడిగింది.

పెద్దమ్మ నోరు తెరిచింది. ఆ గుసగుస పాప దాకా కూడా రాలేదు. నా వైపు చూసింది. నలుగురిలో నాకు నోరు పెగలదని ఆమెకి తెలుసు. అయినా చూస్తూనే ఉంది.

"వెనకున్న వాళ్ల కోసం," అన్నాను.

పాప వెనక్కి తిరిగి చూసింది. వెనక వరస పిల్లలు నిటారుగా కూర్చున్నారు. రికార్డింగులో పెద్దమ్మ ఇంకా ఆగే ఉంది. ఆ వెనక వచ్చింది ఎవరి గొంతో నేను వాళ్లకి చెప్పలేదు. పెద్దమ్మ చీర కొంగుతో నోరు మూసుకుంది. అన్నయ్య పాట ఆపబోయాడు, ఆవిడ వాడి చెయ్యి పట్టుకుని వద్దంది.