ఒకటింబావు అంగుళం

మా అమ్మాయి ఎత్తు నలభై ఎనిమిదిన్నర అంగుళాలు. ఇది నాకు తెలిసినంత కచ్చితంగా దాని కన్నతండ్రికి కూడా తెలియదు. బట్టలు కుట్టే షాపులో పదకొండేళ్ళుగా అంచులు మడిచి కుట్టే పని నాది. మెడలో టేపు లేకపోతే ఇంట్లో ఏదో మరిచిపోయి వచ్చినట్టే ఉంటుంది. పిల్లకు ఎనిమిదేళ్ళు. మనిషి సన్నం, కాళ్ళు పొడుగు. ఇంట్లో కొంగ అంటాం. అలా పిలిస్తే కోపం రాదు దానికి, ఒంటికాలి మీద నిలబడి చూపిస్తుంది.

ఊరవతల ఉన్న ఆటల పార్కుకు తీసుకెళ్తానని దానికి మాటిచ్చి ఏడాది దాటింది. అక్కడ ఒక పెద్ద ఓడ ఉందట, ఇనుప దూలాలకు వేలాడుతూ ఉయ్యాలలా ఆకాశంలోకి లేస్తుందట. దానికి కావలసింది ఆ ఓడ ఒక్కటే. నోటుపుస్తకం అట్ట లోపల ఓడ, అన్నం తింటూ కంచంలో వేలితో ఓడ. తన క్లాసులో ఒక పిల్లను పొట్టిదని ఓడ ఎక్కనివ్వలేదని కూడా ఒకరోజు చెప్పింది. ఆ మాట నా చెవిన పడింది గానీ బుర్రలోకి పోలేదు. ఆ ఓడ బోల్టులు ఊడిపోతే ఎలాగా అని ఆలోచిస్తున్నాను నేను.

మాకు కారు లేదు, స్కూటరూ లేదు. మావారు గోదాములో పనిచేస్తారు. సెలవు రోజున కూడా ఆయనకు మరోచోట పని ఉంటుంది. మీరిద్దరూ వెళ్ళి రండి, పిల్లకు ఏమీ తక్కువ చేయకు అని, రెండు ఫుల్ టిక్కెట్లకూ బస్సులకూ సరిపడా డబ్బు నా చేతిలో పెట్టారు. ఈ ముక్క ముందే చెప్పేయడం మంచిది. డబ్బు లేక చేసిందిలే పాపం అని ఎవరైనా అనుకుంటారేమో. లేక చేయలేదు, భయంతో చేశాను.

అక్కడి నుంచి ఆఖరి బస్సు ఆరున్నరకు. అది తప్పిపోతే? ఆ రోడ్డు మీద ఇళ్ళు లేవు, దీపాలు లేవు. పిల్లతో ఎక్కడికని నడుస్తాను? టాక్సీ పిలవాలి. టాక్సీవాడు ఎంత అడుగుతాడో, ఇవ్వలేకపోతే మధ్యలో దించేస్తాడేమో. ఇలా ఒకదాని తోక పట్టుకుని ఒకటి వచ్చాయి. ముందుగా ఒక ఆదివారం నేనొక్కదాన్నే రెండు బస్సులు మారి ఆ పార్కు దాకా వెళ్ళి చూసి వచ్చాను. బస్సు దిగాక ఎంతసేపు నడవాలి, నీడ ఎక్కడుంది, మూత్రానికి ఎక్కడికెళ్ళాలి, అన్నీ కాగితం మీద రాసుకున్నాను. గేటు దగ్గర చెక్క జిరాఫీ ఉంది, దాని మెడ మీద ఎర్ర గీత. గీత లోపల ఉన్న పిల్లలకు సగం టిక్కెట్టు. నా సంచిలో టేపు ఎప్పుడూ ఉంటుంది. తీసి గీత ఎత్తు కొలిచాను. నలభై ఏడుంబావు. గేటు కాపలాదారు వచ్చి, జిరాఫీకి చొక్కా కుడుతున్నావా తల్లీ అని అడిగాడు. నవ్వేసి వచ్చేశాను.

అంటే మా పిల్ల ఒకటింబావు అంగుళం ఎక్కువ. ఒకటింబావు అంటే మా షాపులో లంగా అంచుకు వేసే ఒక మడత.

ఆ సంగతి షాపులో కాజాలక్కతో అన్నాను. కాజాలు కుట్టే ఆవిడ గనక ఆవిడకు ఆ పేరు. నాకన్నా పెద్దది, దేనికీ బెదరదు. సూదిలోకి దారం ఎక్కిస్తూనే, "ఇంత దానికి తల బద్దలు కొట్టుకుంటావేంటే? మోకాళ్ళు కొద్దిగా వంచమని చెప్పు. మా మనవడు అట్లాగే వెళ్ళొచ్చాడు," అంది. వాళ్ళ మనవడికి ఐదేళ్ళు, వాడికి బొమ్మరైలు తప్ప ఇంకేమీ అక్కర్లేదు. ఆ తేడా నాకు తట్టలేదు. మిగిలే డబ్బు టాక్సీకి ఉంటుంది, అదొక్కటే తట్టింది.

కాజాలక్క చెప్పినదానితో నేను ఆగి ఉంటే బాగుండేది. పనితనం నాది కదా. వంచిన మోకాళ్ళు కనబడకూడదని పాదాల దాకా దిగే పొడుగు గౌను కుట్టాను. నీలం రంగు గుడ్డ, కింద రెండు వరసల కుచ్చులు. తప్పిపోతే దొరకాలని కాలరు లోపల నా ఫోను నంబరు దారంతో కుట్టాను. ఇంత అందమైన గౌను దానికెప్పుడూ కుట్టలేదు. వేసుకుని గిరగిరా తిరిగింది. ఎందుకంత పొడుగో అడగలేదు.

వారం రోజులు తలుపు చట్రం దగ్గర నిలబెట్టి నేర్పించాను. నడుము వంచకూడదు, తల దించకూడదు, మోకాళ్ళు మాత్రమే. సుద్దతో చట్రం మీద గీత గీశాను. మొదట్లో నవ్వి పడిపోయేది. నాలుగో రోజుకు సరిగ్గా గీత దగ్గర ఆగడం వచ్చేసింది, ముఖం కూడా మామూలుగా పెట్టేది. ఆ రోజే మావారు పనినుంచి త్వరగా వచ్చి, ఏంటమ్మా ఇది అన్నారు. నేను నోరు తెరిచేలోపు అదే చెప్పింది, "బడిలో నేర్పిన వ్యాయామం నాన్నా" అని. అబద్ధం ఆడమని నేను దానికి నేర్పలేదు. నేర్పనక్కర్లేకపోయింది.

అనుకున్న రోజు పొద్దున్నే బయల్దేరాం. వాన రాలేదు. మొదటి బస్సు టయానికి వచ్చింది, రెండోదీ వచ్చింది. నేను భయపడినవేవీ జరగకపోతుంటే నాకు ఇంకా భయం వేసింది. బయటి తిండి లోపలికి రానివ్వరని, గేటు ఎదురుగా గట్టు మీద కూర్చుని ఉడకబెట్టిన గుడ్లు తిన్నాం. కొంగ రెండు గుడ్లు గబగబా మింగి, ఓడ ఇక్కణ్ణించే కనబడుతోందని లేచి నిలబడింది. చెట్ల పైన దాని కొస లేచి, ఆగి, మళ్ళీ కిందికి పోయింది.

కౌంటరులో ఒక అమ్మాయి ఉంది, ఇరవై ఏళ్ళుంటాయేమో. పాపను జిరాఫీ దగ్గర నిలబడమంది. కొంగ వెళ్ళి నిలబడింది. గౌను కుచ్చులు నేల మీద కుప్పగా పడ్డాయి. తల సరిగ్గా గీత కింద. ఆ అమ్మాయి తల చూడనేలేదు, గౌను చూసింది. ఎవరు కుట్టారు, ఎంత బాగుందో అంది. మా అమ్మే అని గర్వంగా చెప్పింది ఇది, మోకాళ్ళు వంచుకునే. పిల్ల చేతికి సగం టిక్కెట్టు పసుపు పట్టీ, నా చేతికి ఫుల్ టిక్కెట్టు నీలం పట్టీ కట్టారు.

లోపలికి నాలుగడుగులు వేశాక అది నా చెయ్యి లాగి, "బాగా చేశానా?" అని అడిగింది. చాలా బాగా చేశావన్నాను. ఆ రోజు నేనన్న మాటలన్నింటిలోకీ ఇదే నన్ను ఇప్పటికీ కుదురుగా కూర్చోనివ్వదు.

బొమ్మరైలు ఎక్కాం, గుర్రాల చక్రం ఎక్కాం, అద్దాల గదిలో దారి తప్పి బయటపడ్డాం. ఓడను ఆఖర్న పెట్టుకుందామంది, తీపిని ఆఖర్న తినే అలవాటు దానిది. నాలుగింటికి వరసలో నిలబడితే నలభై నిమిషాలు పట్టింది. అక్కడొక చెక్క నావికుడు చెయ్యి చాపి ఉన్నాడు. ఆ చేతి కంటే ఎత్తున్న పిల్లలనే ఓడ ఎక్కనిస్తారు. మా వంతు వచ్చింది. కొంగ వాడి పక్కన నిలబడి, మెడ సాగదీసి, కాలివేళ్ళ మీద లేవకుండా, ఊపిరి బిగపట్టింది. చెక్క చెయ్యి దాని నుదుటికి తగిలింది. దాని ముఖం చూశాను. ఓడ ఎక్కకముందే ఎక్కేసినట్టుంది.

మెడలో ఈల వేసుకున్నాయన దాని పట్టీ చూశాడు.

"పసుపు పట్టీకి ఓడ లేదమ్మా," అన్నాడు. "అయినా ఇంత పొడుగు పిల్లకు పసుపెట్లా కట్టారు? కౌంటర్లో చూసుకోకుండా కట్టేసినట్టున్నారు."

అవునండీ అనడానికి నా నోరు సిద్ధంగానే ఉంది. అంతలో ఇది, "వాళ్ళ తప్పు కాదండీ. నేనే మోకాళ్ళు వంచాను. మా అమ్మకు తెలీదు," అంది.

వెనక ఎవరో నవ్వారు. ఈ కాలం పిల్లలు మామూలోళ్ళు కారని ఒకాయన అన్నాడు. నేను కళ్ళు పెద్దవి చేసి దాని వైపు చూశాను, అప్పుడే తెలిసినట్టు. అది నా వైపు చూడలేదు. చూడకుండా ఉండడం కూడా నా కోసమే అని నాకు తెలుసు.

ఈలాయన మంచివాడు. గేటు దగ్గరికెళ్ళి మిగతా డబ్బు కట్టి పట్టీ మార్పించుకుని రండి, మళ్ళీ వరసలో నిలబడక్కర్లేదు, ఐదున్నర దాకా ఓడ నడుస్తుంది అన్నాడు.

పక్కనున్న బల్ల మీద కూర్చున్నాం. సంచి లోపలి గుడ్డకు పిన్నీసుతో గుచ్చిన టాక్సీ డబ్బు నా వేళ్ళకు తగులుతూనే ఉంది. కట్టేస్తే ఆఖరి బస్సు తప్పినప్పుడు చేతిలో ఏమీ ఉండదు. కట్టకపోతే ఏడాది పాటు కంచంలో గీసుకున్నది అంతే.

"వద్దులే అమ్మా," అంది అది. "అంత బాగోలేదు. నాకు కళ్ళు తిరుగుతాయి కూడా. పోదాం పద, బస్సు వెళ్ళిపోతుంది."

కళ్ళు తిరగడం, బస్సు వెళ్ళిపోవడం, రెండూ నా మాటలు. నా మాటలు తీసి నాకే ఇచ్చింది. అక్కడ ఇంక కూర్చోలేకపోయాను.

గేటు దాకా దారంతా ఏం చెప్పాలో కూడబలుక్కున్నాను. పొద్దున పొరపాటు జరిగింది, పట్టీ మార్చండి, అంతే. కౌంటరులో అదే అమ్మాయి. ముందు ఇద్దరు, వెనక నలుగురు. పట్టీ మార్చాలండీ, పాప ఎత్తులో పొరపాటు అన్నాను. ఆ అమ్మాయి గౌనును గుర్తుపట్టి నవ్వి, "ఏదీ, ఇంకోసారి నిలబడమ్మా," అంది.

కొంగ జిరాఫీ దగ్గరికి వెళ్ళింది. నా వైపు చూసింది. మెల్లగా, నేను నేర్పినట్టే, నడుము వంచకుండా తల దించకుండా కిందికి దిగింది. కుచ్చులు నేల మీద పరుచుకున్నాయి. తల సరిగ్గా గీత కింద ఆగింది.

"గీత లోపలే ఉంది కదండీ," అంది కౌంటరు అమ్మాయి. "ఊరికే డబ్బులెందుకు కడతారు?"

అక్కడి నుంచి వెళ్ళిపోవచ్చు. డబ్బు నా దగ్గరే ఉంటుంది. పిల్ల కూడా ఏమీ అనదు, అనకపోవడం వచ్చేసింది దానికి.

"నిటారుగా నిలబడు," అన్నాను. అది కదల్లేదు. నేనేదో నాటకం ఆడుతున్నానని, తను పాడుచేయకూడదని అనుకున్నట్టుంది. ఈసారి అందరికీ వినబడేలా అన్నాను, "నిటారుగా నిలబడమ్మా. నేనే చెప్తున్నాను."

లేచింది. ఎర్ర గీత దాని జుట్టు వెనక దాక్కుంది.

"నేనే వంగమన్నానండీ. వారం రోజులు ఇంట్లో నేర్పించాను. గౌను కూడా అందుకే పొడుగు కుట్టాను," అన్నాను. గౌను సంగతి ఎవరూ అడగలేదు. మొదలుపెట్టాక ఆగలేదు నా నోరు.

కౌంటరు అమ్మాయి పిన్నీసు కన్నాలు పడ్డ నోట్లు లెక్క చూసుకుంది, కత్తెరతో పసుపు పట్టీ కత్తిరించింది, నీలం పట్టీ కట్టింది. తిట్టి ఉంటే బాగుండేది. "చాలామంది చేస్తారులెండి," అంది చివరికి, నా ముఖం చూడకుండా. ఆ చాలామందిలో నన్ను కూడా ఒక మూలన కూర్చోబెట్టింది.

ఐదుంబావుకు కొంగ ఓడ ఎక్కింది. నేను కింద నిలబడి బోల్టులు చూశాను. ఓడ లేచినప్పుడల్లా నీలం గౌను ఒక మచ్చలా పైకెళ్ళి, ఒక్క క్షణం ఆకాశంలో ఆగి, అరుపులతో కిందికి వచ్చేది. మొదటి రెండుసార్లు కళ్ళు మూసుకున్నాను. మూడోసారి చూశాను. అది కమ్మీ పట్టుకుని వెన్ను నిటారుగా పెట్టి కూర్చుంది. నోరు తెరిచి నవ్వుతోంది. నన్ను వెతకలేదు. అందుకు సంతోషించాను.

దిగాక, బస్సుకు ఇంకా గంట పైనే ఉన్నా, పరుగున వెళ్ళాం, గౌను అంచు చేత్తో ఎత్తి పట్టుకుని అది, ఖాళీ సంచి పట్టుకుని నేను. స్టాపు దగ్గర పదిమంది దాకా ఉన్నారు. ఆరున్నర బస్సు ఆరూ నలభై ఐదుకు వచ్చింది. ఖాళీగా ఉంది కూడా. దేనికి భయపడి అదంతా చేశానో అది జరగనే లేదు. కిటికీ పక్కన కూర్చుని ఇది ఓడ కబుర్లు చెబుతూనే ఉంది, పైకెళ్ళినప్పుడు కడుపు కిందే ఉండిపోయిందని, పక్కనున్న పెద్దబ్బాయి ఏడ్చాడని.

కండక్టరు వచ్చి పాపకు ఎన్నేళ్ళని అడిగాడు.

కబుర్లు ఆగిపోయాయి. సీట్లో మెల్లగా కిందికి జారింది. మోకాళ్ళు ముందు సీటుకు ఆనాయి, గడ్డం కిటికీ అంచు దాకా దిగింది. నా వైపు ఒక్కసారి చూసి, "ఆరు," అంది.

"ఎనిమిదండీ," అన్నాను.

"పన్నెండు దాకా అరటిక్కెట్టేనమ్మా. ఆరైతే ఏంటి, ఎనిమిదైతే ఏంటి," అని టిక్కెట్లు చింపి ఇచ్చి ముందుకు వెళ్ళిపోయాడు.

లేచి సరిగ్గా కూర్చోమన్నాను. కండక్టరు ఎటున్నాడో తల తిప్పి చూసుకుని లేచింది. మళ్ళీ ఓడ కబుర్లు మొదలుపెట్టింది. నేను ఊ కొడుతూ, దాని నెత్తినీ కిటికీ కమ్మీనీ చూస్తున్నాను. పొద్దున వచ్చేటప్పుడు ఇదే సీటులాంటి సీట్లో ఆ కమ్మీ దాని కనుబొమల దగ్గర ఉంది. ఇప్పుడు నెత్తి దగ్గర ఉంది. కొలతలు తీసే కన్ను నాది, మోసపోదు. పూర్తిగా లేవలేదు అది.