సొరుగు బిళ్ళ

మా బైండింగ్ షాపులో మేస్త్రీ బల్లకు ఒక సొరుగు ఉంది. అందులో స్కేలు, కత్తెరలు, తాళాల గుత్తితో పాటు ఒక డబ్బా నిండా తెల్లటి చిన్న బిళ్ళలు ఉంటాయి. ఎవరికి చెయ్యి వాచినా, కాలు వాచినా మేస్త్రీ ఆ డబ్బా తీస్తాడు. మర్నాటికి వాపు దిగుతుంది, మనిషి పనిలో ఉంటాడు. వాటి పేరేమిటో ఎవరూ అడగలేదు. సొరుగు బిళ్ళ అంటాం, అంతే. పదకొండేళ్ళుగా నేనూ అడగలేదు. కాబట్టి ఇప్పుడు నాకున్న కోపంలో కొంత నా మీదే.

మా అక్క అక్కడే ఫారాలు కుడుతుంది. మడిచిన కాగితాలను ఒకదాని మీద ఒకటి పేర్చి, వెన్ను దగ్గర సూదీ దారంతో కుట్టి పుస్తకం చేయడం ఆమె పని. పక్కనే అంచులు కోసే యంత్రం మీద నేనుంటాను. బడులు తెరవబోయే ముందు, పని ముమ్మరంగా ఉన్న రోజుల్లో, ఆమె చూపుడు వేలిలో సూది దిగింది. అది ఆమెకు కొత్త కాదు. వేలు నోట్లో పెట్టుకుని, మళ్ళీ కుట్టడం మొదలుపెట్టింది. రెండో రోజుకు అది ఎర్రబడి, రెండు వేళ్ళంత లావైంది.

"వేలు నాదేనా, పక్కింటివాళ్ళదా అని అనుమానంగా ఉందిరా" అని నవ్వింది. ముట్టుకోబోతే మాత్రం చెయ్యి లాగేసుకుంది.

ఆ ఉదయం ప్రార్థనలో నేను దేవుణ్ణి ఒక్కటే అడిగాను, ఈ వాపు తగ్గించు తండ్రీ అని. తర్వాత నేనే సొరుగు దగ్గరికి వెళ్ళాను.

"ఆవిడ వేలు ఆగితే నాలుగు వందల పుస్తకాలు ఆగుతాయి. పూటకి మూడేసి బిళ్ళలు వెయ్యి" అన్నాడు మేస్త్రీ, కాగితంలో బిళ్ళలు పొట్లం కడుతూ.

వాపు దిగింది. ఎరుపు తగ్గింది. దేవుడికి దండం పెట్టుకున్నాను, మేస్త్రీకీ పెట్టాను. అక్క మూడు రోజులు కుట్టింది. నాలుగో రోజు మధ్యాహ్నం సూదిలో దారం ఎక్కించలేక అలా కూర్చుండిపోయింది. చూస్తే మణికట్టు నుంచి మోచేతి దాకా ఎర్రటి గీత.

"చలేస్తోందిరా చిన్నోడా, ఆ ఫ్యాను ఆపు" అంది.

ఫ్యాను తిరగడం లేదు.

ఆసుపత్రిలో రక్తం తీశారు. పరీక్షల గదిలో సూక్ష్మదర్శిని ముందు కూర్చున్నావిడ కాగితం నా చేతికిస్తూ, తెల్లకణాలు ఉండాల్సిన దానికి రెండింతలున్నాయని చెప్పింది. నాకు ప్రాణం లేచొచ్చింది.

"అవి మనల్ని కాపాడేవే కదమ్మా. ఎక్కువుంటే మంచిదేగా?"

"ఏం మందు వాడారు?"

జేబులోంచి పొట్లం తీశాను. బిళ్ళ మీద చెక్కిన అక్షరాలు చదివి ఆవిడ కళ్ళజోడు తీసేసింది.

"కాపలావాళ్ళు వీధిలో గుంపులుగా తిరుగుతున్నారండీ. దొంగేమో ఇంట్లో పడ్డాడు. వీళ్ళని లోపలికి పోనివ్వకుండా తలుపేసింది ఈ బిళ్ళ. వాపంటే ఏమనుకున్నారు మీరు?"

"జబ్బు."

"జబ్బు కాదు, జబ్బు మీదికి పోయే దండు. సూదితో క్రిములు దిగాయి. అక్కడి కణాలు కేక పెట్టాయి. ఆ కేకకి రక్తనాళాలు వెడల్పయ్యాయి, అందుకే ఎరుపు, వేడి. వాటి గోడలు వదులై నీళ్ళూ తెల్లకణాలూ బయటికొచ్చాయి, అందుకే వాపు. అవి క్రిముల్ని మింగి చస్తాయి, అదే చీము. నొప్పెందుకంటే, ఆ వేలితో పని చెయ్యొద్దని. మీరేమో వచ్చినవాళ్ళని వెనక్కి పంపి, ఆవిడ చేత పుస్తకాలు కుట్టించారు."

"ఇది విషమా అమ్మా?"

"కాదు. డాక్టరు చూసి ఇస్తే ప్రాణం నిలబెడుతుంది. మేస్త్రీ చూసి ఇస్తే ఇదిగో, ఇలా."

ఆ రోజే వేలు కోసి చీము తీశారు. ఇంకొక్క రోజు ఆగి ఉంటే చెయ్యో, ప్రాణమో దక్కేది కాదన్నారు. నేను వరండాలో కూర్చుని ఆలోచించాను. వాపు తగ్గించమని దేవుణ్ణి అడిగాను. ఆ వాపే ఆయన పంపిన సాయమైతే, నేను అడిగిందేమిటి? ఆయన్నే అడిగి చూశాను. నాకు ఆయన మీద కోపం రాలేదు. మేస్త్రీ మీద వచ్చింది.

వేలు మిగిలింది కానీ, చివరి కణుపు ఇక వంగదట.

"ఎవరినైనా వేలెత్తి చూపించాలంటే ఇక తేలికేలే" అంది అక్క. నేను నవ్వలేకపోయాను. ఆ వేలితోనే ఆమె దారం లాగుతుంది.

మర్నాడు షాపుకు వెళ్ళాను.

"అక్కకెలా ఉంది? సగం పుస్తకాలు అలాగే పడున్నాయి" అన్నాడు మేస్త్రీ.

నేను సొరుగు లాగి డబ్బా బల్ల మీద పెట్టాను. "దీని పేరు చెప్పండి."

"నేనేమన్నా డాక్టర్నా?"

"కాదు. అదే అంటున్నాను."

"నా మోకాలికి నేనూ వేసుకుంటానయ్యా. అయినా వచ్చి అడిగింది నువ్వే కదా."

ఆ మాట సూటిగా తగిలింది.

"అడిగాను. నాకు తెలీదు, మీకూ తెలీదు. మనిద్దరికీ తెలియంది అక్క మింగింది."

ఇంతలో అట్టలు అంటించే పిన్ని వచ్చింది. మా మాటలు ఆమె చెవిన పడలేదు. వాచిన బొటనవేలు చాపి, అలవాటుగా డబ్బా వైపు చూసింది.

"రెండియ్యి మేస్త్రీ, అట్ట పట్టుకోలేకపోతున్నా."

మేస్త్రీ నా వైపు చూశాడు. నేను డబ్బా చంకన పెట్టుకుని వెళ్ళి, నా యంత్రం స్విచ్చి ఆపాను. అంచులు కోయనిదే ఏ పుస్తకమూ అట్ట దాకా రాదు. కాసేపటికి అందరి చేతులూ ఆగాయి.

"పిన్నీ, చెప్పులేసుకో. ఆసుపత్రికి పోదాం."

"దీనికా? అట్ట అంచు గీసుకుంటేనా?"

"దీనికే."

"పనాగిపోతుందయ్యా" అన్నాడు మేస్త్రీ.

"ఆగాలండీ" అన్నాను. "ఆగమని చెప్పడానికే ఆ వేలు వాచింది."