హాస్టలున్న కాలేజీ

బళేపేటలో ఓబళప్ప హార్డ్‌వేర్ అంగడికి ఎవరొచ్చినా ఆయన నోట్లోంచి తేనె కారేది. "రాండక్కా, కూర్చోండన్నా" అని ఒకటే మర్యాద. ఆ మర్యాదంతా షట్టరు పైకున్నంతసేపే. కొక్కెం కడ్డీతో దాన్ని కిందికి లాగాడంటే లోపలున్నది పెళ్లామైనా కూతురైనా ఒళ్లు హూనమే. కూతురు అంబికకు ఎడమ చెవి వినపడకుండా పోయింది ఆ షట్టరు వెనకే. బజారుకు మాత్రం ఆయన దేవుడు!

అందుకే పీయూసీ పాసైన అంబిక తన పైచదువు సంగతి ఇంట్లో ఎత్తలేదు. ఆ ఇంట్లోంచి బతికి బయటపడాలన్నదొక్కటే ఆమె ఆశ. కడ్డీని మేకుల మూటల వెనక దాచి, అంగడి నిండా జనమున్న వేళ చూసి నోరు విప్పింది.

"నాయనా, నేను సర్జాపుర కాలేజీలో బీబీఏ చేరతా. హాస్టల్లో ఉంటా. నీ మాదిరే వ్యాపారం నేర్చుకుంటా."

"భేష్! ఆడబిడ్డంటే అట్లుండాల" అన్నాడు ఒక ముసలి గిరాకీ.

ఓబళప్ప పండ్లన్నీ బయటపెట్టి నవ్వాడు. "చేరమ్మా, నేను వద్దంటానా!"

నలుగురిలో మాట వచ్చేసిందని అంబిక గుండె గంతులేసింది.

మధ్యాహ్నం భోజనం వేళకు ఆఖరి గిరాకీ మెట్లు దిగాడు. ఓబళప్ప కడ్డీ కోసం తడిమాడు. దొరకలేదు. స్టూలెక్కి చేతుల్తోనే షట్టరు సగానికి పైగా లాగాడు.

"బీబీఏ పక్కవీధి కాలేజీలో లేదా? హాస్టలు ఎందుకే నీకు? ఇంట్లో నిన్నెవరు ఏమన్నారే?"

చెప్పేలోపే జుట్టు పట్టి తల గోడకేసి కొట్టాడు. నుదురు చిట్లి కళ్లలోకి రక్తం కారింది. కింద పడితే కడుపులో తన్నాడు. పెయింటు డబ్బాలు మీద పడ్డాయి. ఆయన అంతటితో ఆగక అమ్మకానికున్న గొలుసు తీసి చేతికి చుట్టుకున్నాడు. ఇక చచ్చిపోతానని అంబికకు తెలిసిపోయింది.

అప్పుడే అన్నం క్యారియరు తెచ్చిన తల్లి పిల్లమ్మ షట్టరు కింద నుంచి వంగి లోపలికొచ్చింది. కూతుర్ని చూసింది. ఇన్నేళ్లూ దెబ్బలకు గోడవైపు తిరిగి ముడుచుకున్న మనిషి, డబ్బాలు పడి కదిలిన మూటల వెనక నుంచి పొడుచుకొచ్చిన కడ్డీ లాక్కుని మొగుడి మోచేతి మీద వేసింది. ఎముక విరిగిన చప్పుడు అంబిక కుడి చెవికి స్పష్టంగా వినిపించింది. రెండో దెబ్బ మోకాలి మీద పడింది. ఆయన కుప్పకూలాడు.

పిల్లమ్మ అదే కడ్డీతో షట్టరు పైకి తోసింది. వీధంతా మూగింది.

"ఏం లేదప్పా, సుమ్నే... ఊరికే, ఇంటి సంగతి" అని ఓబళప్ప నేలమీద నుంచే మళ్లీ తేనె మొదలుపెట్టాడు.

"ఇంటి సంగతేం కాదు" అంది పిల్లమ్మ రొప్పుతూ. "చూడండప్పా నా బిడ్డ మొగం! ఇది హాస్టలుకి పోతాది. ఈ కడ్డీ నాకాడ ఉంటాది."

సర్జాపురలో మొదటి రోజు, బీబీఏ ఎందుకు ఎంచుకున్నారని మేడం ఒక్కొక్కరినీ లేపి అడిగింది. ఉద్యోగాలొస్తాయని ఒకరు, స్నేహితురాలు చేరిందని ఒకరు, నాన్న చేరమన్నాడని ఇంకొకరు చెప్పారు.

అంబిక లేచింది. నుదుటి మీద కుట్ల మచ్చ ఇంకా ఎర్రగానే ఉంది.

"ఈడ హాస్టల్ గదికి లోపల్నుంచి గడియ ఉండాది, మేడం."