అరిగినదాని కొలత

ముసలయ్య లేత్ మీద ఇనుప కడ్డీని చెక్కుతూనే, ఎదురు బల్ల మీది గాజుపెట్టె వైపు ఓరకంట చూశాడు. లోపల సన్నటి మూతి ఒకటి అటూ ఇటూ పరుగెడుతూ, కరిగిన నైలాన్ దారాన్ని పొర మీద పొరగా పేరుస్తోంది. పొట్టు రాలదు, చేతికి నూనె అంటదు. వస్తువు మాత్రం పూర్తిగా తయారై బయటికొస్తుంది. ఆయన కడుపు మండిపోయింది.

దమ్మపేటలోని ఆ షెడ్డులో ఆయనది ముప్పై ఆరేళ్ల చాకిరీ. గోళ్ల సందుల్లో నలుపు పెళ్లినాడు కూడా పోలేదు. మందు కొట్టే పంపు ఆగినా, బోరు మోటారు మూలిగినా రైతులు గుమ్మంలోంచే "ముసలన్నా!" అని కేకేసేవారు. ఇన్నేళ్లలో ఆయన సంపాదించుకున్నది ఆ కేక ఒక్కటే. రెండు నెలల కింద ఓనరు ఆ మిషన్‌నూ, దాన్ని నడపడానికి డిప్లొమా చదివిన నాగలతనూ తెచ్చాక, ఆ కేక కాస్తా అటు తిరిగింది.

మధ్యాహ్నం మిరపరైతు భీమ్లా మళ్లీ వచ్చాడు. మందు పంపును కిందికి దించి, దాని ఇరుసు (షాఫ్ట్) తిరిగే ‘బుష్’ అనే చిన్న నైలాన్ గొట్టాన్ని ఊడదీసి నాగలత ముందు పెట్టాడు.

"ఏంది చెల్లె, నిన్న ఒకటిచ్చినవ్, పొద్దుగాల ఒకటిచ్చినవ్. రెండూ గడగడలాడుతున్నయ్. మిర్పతోట నిండ పురుగే. ఇయ్యాల మందు గొట్టకుంటే రేపటికి ఆకు మిగల్దు."

నాగలత మొహం చిన్నబోయింది. నిన్న భీమ్లా నమూనాగా ఇచ్చిన పాత బుష్‌ను మళ్లీ కొలిచింది. తను చేసినదానికీ దానికీ వెంట్రుకవాసి తేడా లేదు.

తప్పెక్కడో ముసలయ్యకు నిన్ననే తెలుసు. ఒక్కరికీ చెప్పలేదు. ఆ గడగడ ఆయన చెవులకు సన్నాయిలా ఉంది.

"గాజుపెట్టెల కోడిపిల్లల్ని పొదిగిస్తరని విన్న. బుష్షులు గూడ పొదుగుతయా?" అన్నాడు.

భీమ్లా నవ్వలేదు. "నా తోట పోతుంటే నీకు నవ్వులాటనా, ముసలన్నా?"

ముసలయ్య చెయ్యి ఆగింది. లేత్ ఆపి లేచొచ్చాడు.

"అరిగినదాన్ని కొలిస్తే అరిగినదే పుడ్తది బిడ్డా. పాత బుష్‌ను అవతల బెట్టు. షాఫ్ట్‌ను కొలువు."

గంటన్నరకు మూడో బుష్ తయారైంది. షాఫ్ట్ అందులోకి సాఫీగా జారింది. భీమ్లా మొహం విప్పారింది.

"నీ మిషన్ బంగారం చెల్లె! మా తండాల అందరికీ చెప్త!"

"తాత చెప్పబట్టే గదన్నా..." అని నాగలత అనేలోపే అతని బండి రోడ్డెక్కింది.

ముసలయ్య ఆమెకు వీపు తిప్పి నిలబడ్డాడు. తను ఇంటికెళ్లే ములకలపల్లి బస్సు వేళ దాకా లేత్ మీంచి తలెత్తలేదు.

మర్నాడు ఆయన రాలేదు. తెల్లవారుజామున మంచం మీదే ప్రాణం పోయిందని పది గంటలకు ఫోన్ వచ్చింది. ఓనరు షట్టరు దించబోతుంటే, నాగలత మెయిన్ స్విచ్చి ఆపడానికి లేత్ దగ్గరికి వెళ్లింది. వస్తువును పట్టి తిప్పే దాని ఇనుప పళ్ల మధ్య ఒక తెల్లటి నైలాన్ ముక్క బిగించి ఉంది. భీమ్లా బుష్ పొడవే. పైన అద్దంలా నునుపు తేలింది, లోపల రంధ్రం ఇంకా వేయలేదు.