కట్టేసిన రేకు

రెండువేల ఏడు మే నెలలో హనుమంతరావు గారి చేపల లారీ ఏలూరులో మెకానిక్ మౌలాలి షెడ్డుకొచ్చింది. బండి లాగడం లేదన్నాడు డ్రైవరు పేతురు. మౌలాలి కిందికి దూరి చూశాడు. ఎగ్జాస్ట్ బ్రేకు రేకు మసి పట్టి, సగం మూసుకుని బిగుసుకుపోయింది.

ఆ రేకు ఉండేది పొగగొట్టంలో. డ్రైవరు బటన్ నొక్కితే అడ్డంగా మూసుకుంటుంది. పొగ బయటికి పోలేక ఇంజనునే వెనక్కి తోస్తుంది. ఇంజను తిరుగుడు తగ్గి, గేరులో ఉన్న చక్రాలూ నెమ్మదిస్తాయి. ఘాట్ రోడ్డు దిగేటప్పుడు అదే ఆధారం. అస్తమానం కాలి బ్రేకు తొక్కితే డ్రమ్ములు కాలిపోయి, చివరికి బ్రేకు పట్టదు.

కొత్త సామాను విజయవాడ నుంచి రావడానికి రెండు రోజులు పడుతుంది. అవతల కొల్లేరు చేపలు ఐసులో ఉన్నాయి. మౌలాలి రేకును పూర్తిగా తెరిచి, కదలకుండా ఇనప తీగతో కట్టేశాడు. బండి లాగింది.

"ఎగ్జాస్ట్ బ్రేకు పట్టుద్దాండీ మేస్త్రి గారూ? రాయపూర్ నుంచి తిరిగొచ్చేటప్పుడు సాలూరు ఘాట్ దిగాలి" అన్నాడు పేతురు.

నిజం చెబితే పేతురు బండి తియ్యడు. యజమాని షెడ్డు మీదికొస్తాడు.

"పట్టుద్దండీ" అన్నాడు మౌలాలి.

రాయపూర్‌లో చేపలు దించి, ఇనప చువ్వలు ఎత్తుకుని ఘాట్ దిగుతుంటే బ్రేకులు పోయాయి. లారీ కొండను గుద్దుకుంది. పేతురుకి చెయ్యి విరిగింది. పక్కన కూర్చున్న రెండో డ్రైవరు ఏడుకొండలు అక్కడికక్కడే చనిపోయాడు.

నెల తర్వాత నుజ్జయిన లారీని ఈడ్చుకొచ్చి మౌలాలి షెడ్డులోనే పెట్టించాడు హనుమంతరావు.

"గేరు దించకుండా బ్రేకు మీదే దిగాడండీ పేతురు. తప్పు నాదేనని వాడే ఒప్పుకున్నాడు" అన్నాడు.

అందరూ భోజనాలకి వెళ్లాక మౌలాలి రేకుకి కట్టిన తీగ కత్తిరించి మురిక్కాలవలో పారేశాడు.

ఆ తర్వాత ఏ డ్రైవరైనా "అంతా బాగుందాండీ?" అని అడిగితే మౌలాలి బండి కిందికి దూరేవాడు. చూసిన బండినే మళ్లీ మళ్లీ చూసేవాడు. ఎనిమిది నెలలకి భార్య సుగ్రాతో చెప్పుకున్నాడు.

"నాకు చెప్తే ఏం లాభమండీ?" అంది ఆమె.

మర్నాడు పొద్దున్నే బస్సెక్కి కొల్లేరు వెళ్లాడు. పేతురు డ్రైవరు పని మానేసి, ఒక చెరువులో చేపలకి తవుడు వేస్తున్నాడు. పడవ గట్టుకి చేరగానే మౌలాలి ఉన్నదంతా చెప్పేశాడు.

పేతురు పడవలోంచి దిగలేదు.

"బటన్ నొక్కానండీ. ఇంజను మోత మారలేదు. నేనే ఆలస్యంగా నొక్కాననుకున్నాను. ఏడుకొండల్ని చంపింది నేనేనని... చర్చికి కూడా వెళ్లడం లేదండీ." లేచి గట్టు మీదికి దిగాడు. "నాతో కాదు. వరమ్మతో చెప్పండి."

ఏడుకొండలు భార్య వరమ్మది దెందులూరు దగ్గర పల్లె. ఇద్దరూ వెళ్లేసరికి ఆమె వాకిట్లో బియ్యం చెరుగుతోంది. పేతురుని చూడగానే మొహం తిప్పుకుంది. మౌలాలి నిలబడే చెప్పాడు, తీగ పారేసిన సంగతితో సహా.

చేట ఆగిపోయింది.

"ఈ అన్నయ్య మూడుసార్లు వచ్చాడండీ. మూడుసార్లూ గుమ్మం తొక్కనివ్వలేదు" అంది వరమ్మ, ఎటో చూస్తూ. "అప్పుడు మీరెక్కడున్నారండీ?"



"లోపలికి రా అన్నయ్యా" అందామె. పేతురు తలుపు పట్టుకుని ఏడ్చాడు. మౌలాలిని ఎవరూ రమ్మనలేదు. అతనూ ఎదురుచూడలేదు. అక్కణ్ణుంచి నేరుగా హనుమంతరావు గారింటికి వెళ్లి అదే మాట చెప్పి, ఆయన్ని వెంటబెట్టుకుని పోలీసు స్టేషనుకి బయల్దేరాడు.